పదం పదం
నిన్న సాయంత్రం కోట జంక్షన్ దగ్గర స్కూటీ మొరాయించింది. షెడ్డులో కూర్చుని ఫోన్‌లో ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ పాట ‘పదం పదం’ పెట్టాను. మా పిన్ని ఇక్కడి సంగీత కళాశాలలోనే పాట నేర్చుకున్న మనిషి. "ఏటమ్మా, క్షేత్రయ్య పదమేటి?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

"కాదు పిన్నీ, ఈ పాటలో ‘పదం’ అంటే గుండె చప్పుడు."

ఈ కైలీ 1986లో ఆస్ట్రేలియా సీరియల్ ‘నైబర్స్’లో చేరింది. అందులో షార్లీన్‌గా కార్లు బాగుచేసే పిల్ల. మరుసటేడే పాటల్లోకి దిగింది. (మన సీరియల్ హీరోయిన్ పాడతానంటే మనం ఊరుకుంటామా?) ‘పదం పదం’కి 2024లో గ్రామీ అందుకునేసరికి ఆమెకి 55 ఏళ్లు.

పిన్ని అప్పటికే తొడ మీద తాళం వేసేస్తోంది. "లయ గట్టిదే" అంది.

మెకానిక్ కుర్రాడు గ్రీజు చేతులతోనే తలెత్తాడు. "మళ్లీ పెట్టండక్కా!"