నాలుగు గాట్ల పుల్లీ

ఇంజిన్ ముందు పక్కనున్న పుల్లీ మీద గాట్లు లెక్కపెట్టాను. నాలుగు. టార్చి దగ్గరగా పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

కారు 1990 మోడల్ మాజ్డా మియాటా. ఎర్ర రంగు. రెండే సీట్లు, పైన మడతపెట్టే గుడ్డ టాపు, బటన్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. నేనుండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. మూడేళ్ళ కిందట నవంబరులో ఒక పెద్దాయన దగ్గర 2,800 డాలర్లకు కొన్నాను. అప్పటికే 1,46,000 మైళ్ళు తిరిగింది. స్టార్ట్ అవుతోంది, పొగ లేదు, కానీ లాగడం లేదు. రెండో గేరులో ఎంత తొక్కినా వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

ఈ కారు తొలి ఇంజిన్లకు క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని ముక్కు పొట్టిగా ఉంటుంది. 1991లో దాన్ని పొడుగు చేశారు. పుల్లీ దగ్గర నాలుగు గాట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగుది. పొట్టి ముక్కు ఇంజినంటే పాడైపోయినట్టేనని కాదు. సరిగ్గా బిగిస్తే అది కూడా ఏళ్ళ తరబడి నడుస్తుంది. వాల్వుల్ని సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు మార్చాలంటే మాత్రం ముక్కు చివరనున్న పెద్ద బోల్టు విప్పి మళ్ళీ బిగించాలి. అక్కడ బిగింపు తగ్గితే పుల్లీ కదులుతుంది. కదిలిన కొద్దీ లోపలున్న కీ, అంటే ఇరుసు మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, అరుగుతుంది, కీతో పాటు అది కూర్చునే గాడీ అరుగుతుంది. గాడి వెడల్పయితే టైమింగ్ జారుతుంది. నాకంటే ముందు ఎవరో బెల్టు మార్చి, ఆ బోల్టును సరిగ్గా బిగించకుండా వదిలేశారు.

మా బాబాయ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిపాను. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. చలికాలంలో ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ ఉదయం 7:30. షట్టర్ ఎత్తకముందు, బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతూ వీడియో కాల్‌లో చూశాడు.

"పుల్లీ ఊపి చూడరా" అన్నాడు. ఊపాను. కంటికి కనిపించేంత ఊగింది.

"ఇంకేం చూస్తావ్, విప్పు."

బోల్టు పెద్దగా మొండికెయ్యకుండానే వచ్చేసింది. అప్పుడే గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే అది అంత తేలిగ్గా రాకూడదు. కీ బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఒక పక్క అంచు పదునుగా, కొత్తదానిలా ఉంది. రెండో పక్క చిన్న మెట్టు పడేలా అరిగింది. గాడి చుట్టూ ఎర్రటి పొడి. తుప్పు అనుకుని గుడ్డతో తుడవబోతుంటే బాబాయ్ ఆపాడు. "తుడవకు, కెమెరా దగ్గరికి పెట్టు. కుంకుమలా ఉంది చూశావా? నీళ్ళు తగిలి పట్టిన తుప్పు కాదది. ఇనుము ఇనుముతో రాసుకుంటే రాలే పొడి. ఎంత రాలిందో అంత గాడి పోయినట్టు."

ఆయన పద్ధతి వేరు. క్రాంక్ బయటికి తీసి, గాడిని వెల్డింగుతో నింపి, లేత్ మీద సైజుకి తెచ్చి, కొత్తగా గాడి కొట్టాలంటాడు. దానికి ఇంజిన్ మొత్తం దించాలి. ఇక్కడ మియాటా వాళ్ళు చాలామంది చేసే పని ఇంకోటుంది. లాక్‌టైట్ 660 అని, వెండి రంగులో చిక్కటి పేస్టు. కొత్త కీ పెట్టి, సందులో అది నింపి, బోల్టు బిగించేస్తారు. బాబాయ్‌కి జిగురంటే నమ్మకం లేదు. "సందు ఎంతుంది?" అని మాత్రం అడిగాడు. సందు కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, పెడితే 0.2 మిల్లీమీటర్లు. చాలాసేపు మాట్లాడలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "సరే, చెయ్యి. కానీ నూనె వాసన కూడా మిగలకూడదు అక్కడ" అన్నాడు.

అసిటోన్‌తో మూడుసార్లు కడిగాను. కొత్త కీ, కొత్త టైమింగ్ గేరు, కొత్త బోల్టు. ఈ ముక్కుకి బిగింపు 80 నుంచి 87 ఫుట్ పౌండ్లు. బిగింపు కొలిచే పానా, టార్క్ రెంచ్, 85 మీద పెట్టి బిగించి, ఆ చిన్న టక్ శబ్దం వచ్చాక చేయి తీసేశాను. బోల్టు మీద నుంచి పుల్లీ మీదికి పసుపు పెయింట్‌తో ఒక గీత గీశాను. 24 గంటలు ముట్టుకోలేదు. మర్నాడు ఆఫీసులో ఒక్క మీటింగూ బుర్రకెక్కలేదు. ఈ ఇంజిన్‌లో టైమింగ్ తప్పినా పిస్టన్లు వాల్వులకు తగలవని తెలుసు, అయినా రాత్రి తాళం తిప్పేటప్పుడు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. స్టార్ట్ అయింది. టైమింగ్ చూసే మెరుపు లైటు వేస్తే పుల్లీ మీది గుర్తు కదలకుండా నిలబడింది.

తుప్పు పని ఆ తర్వాతి చలికాలమంతా పట్టింది. టాపు మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోతాయి. ఆకులూ మట్టీ పడి ఆ దారి మూసుకుంటే నీళ్ళు తలుపు కింది పెట్టెలాంటి భాగంలో నిలిచిపోతాయి. పైగా మా దగ్గర మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బయటికి రూపాయి బిళ్ళంత బుడగ కనిపించింది. గీకితే నా అరచేయి పట్టేంత కన్నం. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, అట్ట మీద కొలత గీసుకుని, రేకు కత్తిరించి అతికించాను. వెల్డింగ్ కమ్యూనిటీ కాలేజీ సాయంత్రం క్లాసులో నేర్చుకున్నాను. ఈ కారున్న వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగ ఒక ముక్క తీసుకుని ఏడాదికి రెండుసార్లు ఆ గొట్టాల్లోకి దూర్చండి. పది నిమిషాల పని. నాకు మూడు నెలలు పట్టింది, ముందే ఎవరైనా చేసుంటే పట్టేది కాదు.

మార్పులు ఆ తర్వాతే మొదలుపెట్టాను. అందరూ అడిగేది టర్బో ఎప్పుడని. పెట్టను. 116 హార్స్‌పవర్, వెయ్యి కిలోల లోపు బరువు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. ఈ కారుకు మాజ్డా పెట్టుకున్న మాట "జిన్బా ఇత్తాయ్", గుర్రమూ రౌతూ ఒక్కటేనని. మనవాళ్ళు రౌతు కొద్దీ గుర్రం అంటారు. నేను ఇంకా నేర్చుకుంటున్న రౌతుని, నాకు ఈ గుర్రం చాలు. షాకులూ స్ప్రింగులూ మార్చాను. 14 అంగుళాల చక్రాల బదులు 15 అంగుళాలవి, 195/50 టైర్లు. సీట్ల వెనక రోల్ బార్, కారు బోల్తా పడితే తల కాపాడే ఇనుప కమ్మీ. ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, 10 డిగ్రీల నుంచి 14కి జరిపాను, కింది గేర్లలో చురుకుదనం తెలిసిపోతుంది. ఏది విప్పినా పారెయ్యలేదు. పాత చక్రాలు, పాత స్ప్రింగులు అన్నీ చీటీలు కట్టి గ్యారేజ్ అటక మీద ఉన్నాయి. రేపు ఎవరైనా దీన్ని 1990లో ఉన్నట్టే చూడాలనుకుంటే చూడొచ్చు.

ఒక రాత్రి ఎడమ హెడ్‌లైట్ లేవలేదు. దాని మోటారుకు చేత్తో తిప్పే చిన్న పిడి ఉంటుంది, రబ్బరు టోపీ కింద. మా పాపకు చూపించాను. రెండు చేతులతో తిప్పుతుంటే లైటు కొంచెం కొంచెంగా పైకొచ్చింది. "నాన్నా, నిద్ర లేస్తోంది!" అంది. మోటారు బాగుచేసి చాలా రోజులైంది, కానీ ఇప్పటికీ తను గ్యారేజ్‌లోకొస్తే ముందు ఆ టోపీ తీసి చేత్తోనే లేపుతుంది. నేను అడ్డు చెప్పను.

ఈ మే నెలలో మొదటిసారి దూరం తీసుకెళ్ళాను. ఒహాయోలోనే ఉన్న కొండల ప్రాంతం హాకింగ్ హిల్స్, 374 నంబరు రోడ్డు. టాపు తీసేసి, మూడో గేరులో, చెట్ల మధ్య మలుపు మీద మలుపు. స్టీరింగ్ ఎంత తిప్పితే కారు అంతే తిరిగింది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఒక చోట పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా కూర్చున్నాను. పసుపు గీత బోల్టు నుంచి పుల్లీ మీదికి తిన్నగా, గీసిన చోటే ఉంది. ఫోటో తీసి బాబాయ్‌కి పంపాను.

అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "బాగుంది. వెయ్యి మైళ్ళయ్యాక మళ్ళీ ఫోటో పెట్టు."

నిన్నటికి 640 మైళ్ళయింది.