సపోర్ట్ వాళ్ళతో తిట్లు తిని మరీ సాధించిన సర్వర్ లాగ్స్ – నా అనుభవం

ఈ పంచాయితీ నిన్న రాత్రే తేలింది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నాది నోట్స్ పీడీఎఫ్‌లు పెట్టే చిన్న సైట్. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే అనలిటిక్స్ స్క్రిప్ట్ ఎప్పట్నుంచో ఉంది గానీ అది పేజీ లోడైతేనే లెక్కేస్తుంది. ఎవరైనా పీడీఎఫ్ లింకు నేరుగా ఏ గ్రూపులోనో పడేస్తే, దాన్ని నొక్కినవాళ్ళు అసలు లెక్కలోకే రారు. యాడ్ బ్లాకర్ వాడేవాళ్ళ సంగతి సరేసరి. సర్వర్ లాగ్ (సైట్ ఉన్న కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా) అలా కాదు, సర్వర్ దాకా వచ్చి ఏ ఫైలు అడిగినా ఒక లైను పడుతుంది. అందుకే రా లాగ్స్, అంటే ఏ మార్పూ చేయని ఆ అసలు చిట్టాల మీద పడ్డా.

డౌన్‌లోడ్ చేయడం ఏమంత పని కాదు. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్ళిచ్చే కంట్రోల్ పేజీ) రా యాక్సెస్ అని ఉంటుంది, నొక్కితే .gz అనే కుదించిన ఫైలు వస్తుంది. అక్కడే పాత లాగ్స్ ఆర్కైవ్ చేయమని ఒక టిక్ ఉంటుంది, ముందు అది పెట్టేయండి, లేకపోతే పాతవి పోతాయి. లైను చదవడం కూడా తేలికే. ముందు ఐపీ (అడిగినవాళ్ళ నెట్ అడ్రస్), తర్వాత టైం, ఏ ఫైలు అడిగారు, జవాబు 200 (ఇచ్చాం) వెళ్ళిందా 404 (ఫైలు లేదు) వెళ్ళిందా, ఎన్ని బైట్లు, ఏ పేజీ నుంచి వచ్చారు, చివర్లో బ్రౌజర్ పేరు. టైం దగ్గర +0000 అని ఉంటే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మీ గడియారం కాదు.

అసలు తలనొప్పి ఐపీల దగ్గర మొదలైంది. మొదటి కాలమ్ విడదీసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీస్తే సైట్ మొత్తానికి వచ్చింది గుప్పెడు ఐపీలే, అవన్నీ ఒకే కుటుంబం అంకెలు. ఒకే ఐపీ నుంచి ఒకే నిమిషంలో ఐఫోన్, విండోస్, ఆండ్రాయిడ్ అన్నీ వచ్చేస్తున్నాయి. మొబైల్ నెట్‌వర్కుల్లో చాలామందికి కలిపి ఒకే ఐపీ ఉండటం మామూలే, కానీ ఇంత దారుణంగా ఉండదు. నా సైట్ ముందు సీడీఎన్ (మధ్యలో నిలబడి, ఫైళ్ళ కాపీలు దాచుకుని విజిటర్లకి అందించే సర్వీస్) ఉంది కాబట్టి విషయం వెంటనే తట్టింది: సర్వర్ తలుపు కొడుతున్నది సీడీఎన్, విజిటర్ కాదు. విజిటర్ అసలు ఐపీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వచ్చే చిన్న చీటీ) వస్తుంది, దాన్ని చదివి లాగ్‌లో రాయమని సర్వర్‌కి చెప్పాలి. నాది షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్ చాలామందికి కలిపి), ఆ సెట్టింగ్ నా చేతిలో లేదు. సరే, సపోర్ట్ చాట్‌కి వెళ్ళా.

అక్కడ కూర్చున్నాయన మొదటి మాటే "సర్, అవి మీ విజిటర్సే, లాగ్ తప్పు చెప్పదు". కాదండీ, అవి సీడీఎన్ వాళ్ళు బయట పెట్టిన లిస్టులో ఉన్న ఐపీలే అని లింకు ఇచ్చా. "క్యాష్ క్లియర్ చేసి చూడండి సర్" అన్నాడు. బ్రౌజర్ క్యాష్‌కీ సర్వర్ రాసిన టెక్స్ట్ ఫైలుకీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. సరే, రుజువు చూపిద్దామని నా ఫోన్‌లో సైట్ అడ్రస్ చివర ఎవరూ టైప్ చేయని పిచ్చి పేరు ఒకటి కొట్టా, లాగ్‌లో ఆ పేరుతో 404 లైను పడింది, ఐపీ నాది కాదు, సీడీఎన్‌ది, రెండూ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ పంపా. దానికి వచ్చిన జవాబు చూడండి: "సర్, మీకు లాగ్స్ అర్థం కావడం లేదు, ఒక డెవలపర్‌ని పెట్టుకోండి, లేదంటే పెద్ద ప్లాన్‌కి అప్‌గ్రేడ్ అవ్వండి". వాడు అడిగిందల్లా రుజువుతో సహా చూపించిన నాకు ఆ మాట! చాట్ మొత్తం కాపీ చేసి పై వాళ్ళకి టికెట్ పెట్టా. అక్కడ ఎవరో పని తెలిసిన మనిషి, ఒక్క మాట అనకుండా హెడర్‌లోని అసలు ఐపీని లాగ్‌కి ఎక్కించే రిమోట్ ఐపీ మాడ్యూల్ ఆన్ చేసి "ఇప్పుడు చూడండి" అని ఒక్క లైను రాశారు. అంతే, అయిపోయింది. అంత చిన్న పనికా ఇంత రామాయణం? నా సలహా ఒకటే, చాట్‌లో వాదించకండి, సాక్ష్యంతో టికెట్ పెట్టండి.

సొంత సర్వర్ ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. ఆ హెడర్‌ని సీడీఎన్ ఐపీల నుంచి వస్తేనే నమ్మమని పెట్టుకోండి. ఎవరు పంపినా నమ్మితే ఎవడికి తోచిన ఐపీ వాడు రాసుకుంటాడు. ఇంకోటి, సీడీఎన్ తన క్యాష్ నుంచి ఇచ్చేసిన ఫైళ్ళు మీ లాగ్ దాకా రానే రావు. నేను పీడీఎఫ్‌లకి క్యాష్ ఆపేశా.

అసలు ఐపీలు కనబడ్డాక తెలిసింది, వచ్చేవాళ్ళలో మనుషులు ఎంత తక్కువో. నాది వర్డ్‌ప్రెస్ (రెడీమేడ్ సైట్ సాఫ్ట్‌వేర్) కూడా కాదు, అయినా దాని లాగిన్ పేజీ కోసం రోజంతా తట్టేవాళ్ళే. గూగుల్‌బాట్ (సైట్లు చదివిపోయే గూగుల్ ప్రోగ్రామ్) అని పేరు పెట్టుకున్న దొంగలు కూడా ఉన్నారు. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఏ పేరు మీద ఉందో వెతకడం) చూడండి, పేరు చివర గూగుల్‌బాట్.కామ్ లాంటి గూగుల్ డొమైన్ రావాలి, ఆ పేరుని మళ్ళీ వెతికితే అదే ఐపీ తిరిగి రావాలి. రాలేదా, తీసి అవతల పడేయండి.

206 లైన్లు చూసి డౌన్‌లోడ్లు పెరిగాయని మాత్రం సంబరపడకండి. పెద్ద పీడీఎఫ్‌ని బ్రౌజర్ ముక్కలు ముక్కలుగా అడుగుతుంది, ఒక్కో ముక్కకి ఒక్కో 206. నేను ఒకే ఐపీ, ఒకే బ్రౌజర్, ఒకే ఫైలు, దగ్గర దగ్గర టైం అయితే ఒక్కటిగా లెక్కేస్తున్నా. చాలా పెయిడ్ రిపోర్టుల కంటే నా లెక్కే నయం, ఎవరేమన్నా సరే.

ఇంతా చేస్తే దొరికిన బంగారం 404ల్లో ఉంది. నేను ఎప్పుడో పేరు మార్చేసిన ఒక పీడీఎఫ్ కోసం, వేరే సైట్లో ఉన్న పాత లింకు పట్టుకుని జనం ఇంకా వస్తూనే ఉన్నారు, ఖాళీ చేతుల్తో వెళ్ళిపోతున్నారు. అనలిటిక్స్‌లో దాని జాడే లేదు. పాత పేరు నుంచి కొత్త ఫైలుకి 301 (దారి మళ్ళింపు) పెట్టేశా, ఇవాళ పొద్దున్నుంచి ఆ సైట్ నుంచి వచ్చినవాళ్ళకి ఫైలు అందుతోంది. టికెట్ ముందు నాటి లాగ్స్‌లో మాత్రం అసలు ఐపీలు ఇక దొరకవు, రాయనిది ఎక్కణ్ణుంచి తెస్తాం.