పర్లాకిమిడిలో పలకల ఆట

నౌపడలో గుణుపురం ప్యాసింజర్ ఎక్కాం. టెక్కలి, పాతపట్నం దాటితే ఒడిశాలోని పర్లాకిమిడే. 1900లో చిన్నపట్టాల మీద మొదలైన లైను, ఇప్పుడు బ్రాడ్‌గేజి. సంచీలో తొమ్మిది రాతిపలకలు, సుద్దముక్కలు, స్టాప్‌వాచీ, రెండు వందల ప్రశ్నలు. మర్నాడు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో తెలుగువాళ్ల చేత ఆడించాల్సిన ఆట ‘కమ్‌జోర్ కడీ కౌన్’, అంటే ‘బలహీనమైన లంకె ఎవరు’ అనే టీవీ క్విజ్. 2001-02లో స్టార్ ప్లస్‌లో నీనా కులకర్ణి నడిపారు, ఎక్కువకాలం నిలవలేదు. మాతృక 2000లో బీబీసీలో మొదలైన ‘ది వీకెస్ట్ లింక్’. మేం పట్టుకెళ్లింది ఆ బీబీసీ లెక్కనే, పౌండ్ల బదులు పాయింట్లతో.

తొమ్మిదిమంది అర్ధచంద్రాకారంలో నిలబడతారు. మొదటి రౌండు మూడు నిమిషాలు. రౌండుకో మనిషి పోతుంటే పది సెకన్ల చొప్పున తగ్గి, ఇద్దరే మిగిలినప్పుడు తొంభై సెకన్లు. మొత్తం పందొమ్మిది నిమిషాలు. ప్రశ్నకు ఏడు సెకన్లు వేసుకుంటే నూట అరవై పైచిలుకు ప్రశ్నలు, చివరి పోటీకి మరో పది, కొసరు కొంత. ‘ఒడిశా రాష్ట్రము ఏ సంవత్సరమున అవతరించినది’ అని చదివితే గడియారం పరుగెడుతుంది. ‘ఒడిశా ఎప్పుడు ఏర్పడింది?’ చాలు. 1936. గిడుగు వారి ఊళ్లో వాడుకభాష గురించి వేరే చెప్పాలా!

మొదటి ప్రశ్న అక్షరక్రమంలో ముందు పేరున్నవాళ్లకి. తెలుగైనా ఒడియా అయినా వరస ఒకటే కనక తగువు రాలేదు. వరసగా సరైన జవాబులు పడితే మెట్లు 20, 50, 100, 200, 300, 450, 600, 800, 1000. తప్పు పడితే మెట్ల మీదున్నదంతా పోతుంది. తన వంతు రాగానే, ప్రశ్న మొదలవకముందే, ‘బ్యాంక్’ అంటే అప్పటిదాకా వచ్చింది భద్రం, మెట్లు మళ్లీ మొదటికి. ప్రశ్న మొదలయ్యాక అరిస్తే చెల్లదు. గొడవలన్నీ ఇక్కడే. అందుకే చదివే మనిషి వేరు, టైమూ లెక్కా చూసే మనిషి వేరు ఉండాలి.

ఎక్కడ ఆపాలి? మామూలుగా అందరూ మూడో మెట్టు దగ్గర భయపడి బ్యాంక్ అంటారు. పదికి ఏడు సరిగ్గా చెప్పే జట్టయితే మూడు దగ్గర ఆపితే ప్రశ్నకు సగటున 16 పాయింట్లు, నాలుగు దగ్గర 19, తొమ్మిదిదాకా లాగితే 13 లోపే. ఎనిమిది చెప్పే జట్టయితే ఆరో మెట్టు చేరాకే ఆపాలి, 32 దాకా వస్తుంది. ఆరే చెప్పే జట్టుకి ఒకటి నుంచి నాలుగు మెట్లలో ఎక్కడ ఆపినా పెద్ద తేడా లేదు, పదకొండు, పన్నెండు మధ్యే.

రౌండు అవగానే ఒక్కొక్కరూ ఎవరిని పంపించేయాలో పలక మీద ఆ పేరు రాయాలి. అక్కడ దెబ్బతిన్నాం. పలకలు తడిగుడ్డతో తుడిచి ఇచ్చాం, తడి మీద సుద్ద కనపడదు. ఆరాక చూస్తే మూడు పలకల మీద ‘రావు’. రావులేమో నలుగురు! ఇంకో రెండు ఒడియా లిపిలో. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అయిన ఊరు, తప్పు మాదే. రెండో రౌండుకి ఛాతీ మీద అంకెలు అంటించి, పలక మీద అంకె మాత్రమే రాయమన్నాం. తుడవడానికి పొడిగుడ్డ.

ఓట్లు సమానమైతే తేల్చేది ఆ రౌండులో ఎక్కువ శాతం సరైన జవాబులు చెప్పినవాళ్లు. తర్వాతి రౌండు మొదటి ప్రశ్న కూడా వాళ్లకే. ముగ్గురు మిగిలినప్పుడే అసలు ఆట: చివర గెలిచినవాళ్లకే మొత్తం కనక, వెనకబడ్డ ఇద్దరూ కూడబలుక్కోకుండానే గట్టివాణ్ణి తోసేస్తారు. ఇక్కడా అదే జరిగింది.

పంపించేటప్పుడు మా మాటల్లో కరకు నిలవలేదు. ఇంగ్లిషులో ‘గుడ్‌బై’ అంటే తలుపు మూసినట్టే. తెలుగులో ‘వెళ్లండి’ అని నోరు రాలేదు, ‘బలహీనమైన లంకె మీరే, వెళ్లి రండి’ అన్నాం. ఓడిన పెద్దాయన ‘అలాగే బాబూ, వస్తాను’ అంటూ వెళ్లి ముందువరసలో కూర్చున్నారు. చివరి ఇద్దరికీ చెరో ఐదు ప్రశ్నలు. మూడూ మూడు. ఆపైన ఒకరు చెప్పి రెండోవారు తప్పేదాకా చెరొకటి. రెండో జతలో తేలింది.