గుర్తు తెలియని స్త్రీ

పన్నెండు దాటింది. ఈయన రెండుసార్లు లైటు తీసెయ్యమన్నారు, మూడోసారి అడగడం మానేసి ముసుగు తన్నేశారు. ఇది ఎక్కడో ఒకచోట కక్కేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

బాబాయి వంశవృక్షం పంపాడు. అవును, అదే, మూడేళ్ళుగా "అయిపోవచ్చిందమ్మా" అంటూ వస్తున్నదే. తొమ్మిది పేజీల పీడీఎఫ్. చివరి పేజీలో ఆ పాత ఫోటో, మనుషుల మీద నంబర్లు, కింద నంబర్లకి పేర్లు. ఒకటి ముత్తాత. రెండు ఆయన తమ్ముడు. మూడు, పిల్లవాడు, పక్కన ప్రశ్నార్థకం. నాలుగు, 'గుర్తు తెలియని స్త్రీ'.

రైలు పట్టాల పక్కన శవం దొరికితే పేపర్లో ఇలా వేస్తారు! ముత్తాత కుర్చీని ఆనుకుని, పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడింది. పక్కింటావిడ వచ్చి మన ఫోటోలో నిలబడిందా మరి?

ఫోటోలో అందరి మొహాలూ బాగానే పడ్డాయి, ఆవిడది తప్ప. వెలుతురు చాలనిచోట ఆనాటి కెమెరాల ముందు కాసేపు కొయ్యబొమ్మల్లా ఉండాలి. మగవాళ్ళకేం, వాళ్ళు ఉన్నారు. పిల్లాడు పెనుగులాడి ఉంటాడు, ఈవిడ వాడివైపు తిరిగి ఉంటుంది. మొహం ఉండాల్సిన చోట తడివేలితో తుడిచినట్టు ఒక తెల్లటి చార. చేతులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. పిల్లాణ్ణి కుడిచేత్తో చుట్టి పట్టుకుంది. ఎడమచెయ్యి కుర్చీ వీపు మీద. ముత్తాత మాత్రం కోటు వేసుకుని, గుండెల మీద అరచెయ్యి పెట్టుకుని, ఊరంతా తనదే అన్నట్టు కూర్చున్నాడు. చేసింది గుమాస్తా ఉద్యోగం.

అసలు ఇది వృక్షమేమిటి? ఒంటి కొమ్మ. నాకు ముత్తాతలు నలుగురు, ముత్తవ్వలు నలుగురు. పది తరాలు వెనక్కి వెళ్తే ఆ ఒక్క వరసలోనే లెక్క ప్రకారం 1,024 మంది ఉండాలి (మేనరికాలు కలిస్తే తగ్గుతారు, సరే). బాబాయి తండ్రి, తండ్రికి తండ్రి, ఆయనకి తండ్రి అంటూ ఒక్క నిచ్చెన ఎక్కి దానికి చెట్టు అని పేరు పెట్టాడు. ఆడవాళ్ళకి ఆకులైనా లేవు.

ఐదో క్లాసులో మాకు ఇలాంటి చెట్టే గీసుకురమ్మన్నారు. నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని నాన్న చొక్కాకి గుండీ కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడం నా డ్యూటీ. దారం ఎంగిలి చేసి సన్నగా నలుపుతూ, "మీ అత్తగారి పేరేంటి నాయనమ్మా" అన్నాను. "అత్తగారికి పేరేమిటే! అత్తగారే!" అని నవ్వింది. నేను బుద్ధిగా ఆ గళ్ళో 'అత్తగారు' అని రాసుకెళ్ళాను, టీచరు దాని చుట్టూ ఎర్రసున్నా చుట్టింది. ఆ సున్నా సంగతి సాయంత్రం చెప్తే నాయనమ్మ ఈసారి నవ్వలేదు. కాసేపాగి, "ఎడంచేత్తో కుట్టేదే. నాకు నేర్పేటప్పుడు అంతా తిరగేసి చూసుకోవాల్సొచ్చేది" అంది. పేరు మాత్రం చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. ఆవిడ పోయి పందొమ్మిదేళ్ళు.

సరే, మధ్యాహ్నం బాబాయికి ఫోన్ చేశాను. పోట్లాడదామనే చేశాను, ఒప్పుకుంటున్నా.

"తల్లీ, ముత్తాతకి ఇద్దరు భార్యలు, నీకు తెలీదా?" అన్నాడు.

తెలీదు. నలభయ్యారేళ్ళొచ్చాయి, నాకీ ముక్క ఎవరూ చెప్పలేదు.

మొదటావిడ పోయాక రెండో పెళ్ళిట. రెండు పేర్లూ బాబాయి దగ్గర ఉన్నాయి, ఫోటో ఏ సంవత్సరందో లేదు. చంకలో ఉన్నది తాతయ్యో, చిన్నప్పుడే పోయిన ఆయన అన్నయ్యో తెలీదు. ముత్తాత వయసు పట్టుకుని లెక్కకడదామంటే ఒక కాగితంలో 40, పదేళ్ళ తర్వాతి కాగితంలో 45. ఆ రోజుల్లో అడిగితే గుండ్రంగా ఒక అంకె చెప్పేసేవాళ్ళట. జనాభా లెక్కలవాళ్ళు దీన్ని కొలవడానికి విప్పిల్ సూచీ అని ఒకటి పెట్టుకున్నారు. ఎవరూ గుండ్రం చెయ్యకపోతే 100, అందరి వయసూ సున్నాతోనో అయిదుతోనో ఆగితే 500. "మీ ముత్తాత ఒక్కడే 500" అని బాబాయి పకపకా నవ్వాడు. "చిన్న ఊరు కదమ్మా, అందరికీ అందరూ తెలుసు. ఇంక రాసిపెట్టుకునేదెవరు? తేలేదాకా పేరు పెట్టను. ఒకావిడ పేరు ఇంకొకావిడకి తగిలిస్తే పాపం కదూ?"

కోపం సగం దిగిపోయింది. ఎవరో ఒకరి పేరు రాసి పారేసేవాణ్ణి కంటే ఖాళీ వదిలేసినవాడే నయం. ఈ టపాకి మొదట పెట్టిన పేరు కూడా తీసేశాను, అది మరీ ఘాటుగా ఉండింది.

అంతటితో ఆగాడా? డబ్లిన్ కథ మొదలుపెట్టాడు. 1922లో అంతర్యుద్ధంలో అక్కడి రికార్డు ఆఫీసు తగలబడి ఏడొందల ఏళ్ళ కాగితాలు బూడిదయ్యాయట. వందేళ్ళ తర్వాత ఐర్లండువాళ్ళు వేరేచోట్ల మిగిలిన నకళ్ళు వెతికి పట్టుకుని, దొరికినంతవరకు కంప్యూటర్లో మళ్ళీ పేర్చారట. "చూశావా పట్టుదల" అన్నాడు.

"మరి మన నకళ్ళు ఆ ఇద్దరి పుట్టిళ్ళలో ఉంటాయి కదా బాబాయ్, వాళ్ళ నెవర్నైనా అడిగావా?"

అటునుంచి చప్పుడు లేదు. తర్వాత "వాళ్ళతో మనకి రాకపోకలు లేవుగా" అన్నాడు. డబ్లిన్ దాకా వెళ్ళాడు గానీ వియ్యాలవారింటికి వెళ్ళలేకపోయాడు. దిగిన సగం కోపం మళ్ళీ ఎక్కింది.

ఎడంచేతివాటం సంగతి చెప్పాను. పిల్లాడు కుడిచేతిలో ఉన్నాడు కాబట్టి ఈవిడ ఆవిడే అని నా వాదన. "అది సాక్ష్యం కాదు తల్లీ" అన్నాడు. ఏ పనికి ఏ చెయ్యి ఖాళీ పెట్టుకుందో ఎవరికెరుక, పైగా నెగటివు ఉండే గాజుపలకని తిరగేసి ప్రింటు తీస్తే కుడి ఎడమవుతుంది. "అదైతే తేల్చొచ్చు. మగవాళ్ళ కోటుకి ఎడమపక్క అంచు పైకొస్తుంది, కుడిపక్కది పైనుంటే ఫోటో తిరగబడ్డట్టు. చూసి చెప్పు."

రాత్రి పదింటినుంచి అదే పని. ఫోన్లో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చివరికి స్క్రీను నిండా బూడిదరంగు చుక్కలు. ముత్తాత అరచెయ్యి సరిగ్గా గుండీల మీదే ఉంది.