పుట్ట ముందు పావుగంట

నిన్న మన్ననూరు నుంచి నల్లమల అడవిలో ఫరహాబాద్ సఫారీకి వెళ్లాం. పులి కనబడలేదు, అందరిలాగే. కానీ దారి పక్కన, నా భుజాలంత ఎత్తున్న చెదల పుట్ట ఒకటి సగానికి తవ్వేసి కనిపించింది. "ఎలుగు తవ్విందన్నా, రాత్రే" అన్నాడు మాతో వచ్చిన చెంచు కుర్రాడు. ఎలుగుకి పైదవడ ముందు పళ్లు రెండుండవు. ఆ సందులోంచి మట్టి ఊదేసి, చెదల్ని లోపలికి పీల్చేస్తుందట. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుందట!

నేను చూస్తుండిపోయింది మాత్రం లోపలి గదుల్ని. బూడిద రంగు స్పాంజిలా ఏదో ఉంది. అది చెదల పొలం. చెదలకి ఎండుకట్టె సరిగ్గా అరగదు, అందుకే నమిలి తెచ్చి దానిమీద బూజు పెంచుతాయి. ఆ బూజే వానలకి పైకొచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అనే మాట ఇన్నేళ్లుగా వాడుతున్నా, అందులో పుట్ట ఉందని నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చాక చదివాను. 2015లో బెంగళూరు పుట్టల మీద వచ్చిన పరిశోధన ప్రకారం, పగలు బయటి గోడలు వేడెక్కి గాలి వాటి వెంట పైకెళ్లి మధ్యలోంచి దిగుతుంది, రాత్రి తిరగబడుతుంది. కరెంటు బిల్లు లేని వెంటిలేషన్. మా ఫ్లాట్ బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడై నెలైంది.

మేం బయల్దేరే లోపే కూలీ చెదలు తడిమట్టితో కన్నం పూడ్చడం మొదలుపెట్టేశాయి.