రాని రోజు కూడా రాయాలి

బడిపిల్లలతో వలసపిట్టల లెక్క పెట్టిస్తున్నారా? పొద్దున్నే, ఒకే చోట, 15 నిమిషాలు చాలు. కనబడ్డవన్నీ ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు, యాప్) ఎక్కించాలి. పిల్లలేమో కాకుల్నీ గోరింకల్నీ వదిలేసి కొత్త పిట్టనే రాస్తారు, లెక్క చెడేది అక్కడే. వలసొచ్చే గులాబీరంగు గోరింక, రోజీ స్టార్లింగ్, కనబడని రోజూ జాబితా ఉంటేనే అది ఎప్పుడొచ్చిందో తేలుతుంది.

దానికి జొన్నలంటే ప్రాణం. అందుకే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించిన రంగు జొన్న విత్తనాన్ని మూతబిగించిన సీసాలో చూపించండి, ముట్టనివ్వొద్దు. కెనడాలో తెల్లచారల తల పిచ్చుకలకు ఆ మందు కొద్దిగా పెట్టి చూశారు (2019, సైన్స్ పత్రిక). చావలేదు. మేత తగ్గింది, ఎక్కువ మోతాదు తిన్నవి 6 గంటల్లో 6 శాతం బరువు కోల్పోయాయి, ప్రయాణం మూడున్నర రోజులు ఆగింది. విత్తేటప్పుడు గట్టు మీద ఒలికిన మందు గింజల్ని ఏరి, లోతుగా పూడ్చాలి.