753 ఎంబీల డేటాకు 94 జీబీల చోటు: నా అనుభవం

ఒరాకిల్ డేటాబేస్‌లో పట్టికకు ఎంత చోటు కేటాయించాలని నన్నెవరైనా అడిగితే, ముందు అది ఎన్ని ముక్కలో లెక్కపెట్టుకు రమ్మంటాను. ఈ మాట వెనుక పోయిన వారమంతా నేను పడ్డ తిప్పలున్నాయి.

పాత డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చాం. మామూలు పట్టికలతో పేచీ లేదు. టేబుల్‌స్పేస్‌కు (పట్టికలుండే నిల్వ భాగానికి) ఆటోఅలొకేట్ (చోటెంతో ఒరాకిలే తేల్చే పద్ధతి) పెడితే మొదట 64 కేబీల ఎక్స్‌టెంట్లు (ఒక్కో విడతలో ఇచ్చే చోటు), పట్టిక 1 ఎంబీ దాటాక 1 ఎంబీవి, 64 ఎంబీ దాటాక 8 ఎంబీవి, 1 జీబీ దాటాక 64 ఎంబీవి వాటంతటవే వస్తాయి. ఒరాకిల్ 8ఐ వెర్షన్‌కు ముందు ఇదంతా చేతి లెక్క. పీసీటీఇంక్రీజ్‌ను (ఎక్స్‌టెంటు పెరిగే శాతాన్ని) సున్నా చేయకుండా వదిలేస్తే 50 ఉండేది, అంటే మూడోదాని నుంచి ప్రతి కొత్త ఎక్స్‌టెంటూ వెనకటిదానికి ఒకటిన్నర రెట్లు. 7.3 వెర్షన్‌కు ముందైతే, 2 కేబీల బ్లాకు (డేటా రాసే కనీస కొలత) ఉన్న చోట 121 ఎక్స్‌టెంట్లతో పట్టిక ఆగిపోయేది. నేను లెక్క వేసిన పట్టిక ఏనాడూ అలా ఆగలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే.

అసలు గొడవ రీడింగుల పట్టికతో వచ్చింది. దాన్ని ఒక సలహా సంస్థ రూపొందించి వెళ్లింది: రోజుకో పార్టిషన్ (పట్టికలో విడిగా నిల్వయ్యే భాగం), అందులో తెలంగాణ 33 జిల్లాలకు 33 సబ్‌పార్టిషన్లు. ఏడాదికి 12,045 ముక్కలు. ఒక్కో ముక్కలో కొన్ని వందల వరుసలు, 64 కేబీలు కూడా నిండవు. అన్నింటికీ తలా 64 కేబీలు ఇచ్చినా 753 ఎంబీలు చాలు. కొత్త సర్వర్‌లో అది 94 జీబీలు మింగింది.

సమీక్షలో నిల్వ విభాగం పెద్దాయన ఆ అంకెను తెర మీద పెట్టి, "మేడమ్, గాలిని దాచుకోవడానికి డిస్కులు కొనమంటారా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ సంస్థ మనిషి కూడా నవ్వాడు! ఆ పట్టికను గీసింది వాళ్లే. నా దగ్గర అప్పటికి జవాబు లేదు. కుదింపు చేయలేదేమో, చెత్త డేటా వచ్చిందేమో అంటూ తలా ఒకటి అన్నారు. ఏ ఎక్స్‌టెంటు ఎంతో చూపే డీబీఏ_ఎక్స్‌టెంట్స్ జాబితాను తెరిచి చూసినవాళ్లు లేరు.

సాయంత్రం నేనే తెరిచాను. ప్రతి ముక్కకూ మొదటి ఎక్స్‌టెంటు కచ్చితంగా 8 ఎంబీలు. ఒరాకిల్ 11.2.0.2 వెర్షన్ నుంచి ఆటోఅలొకేట్‌లో పార్టిషన్ ఉన్న పట్టికలకు ఇదే నియమం. ఖాళీ ముక్కకు చోటు ఇవ్వదు, ఒక్క వరుస పడగానే 8 ఎంబీలు రాసిస్తుంది. ముక్కలు పెద్దవైతే మేలే, లోడింగు వేగంగా సాగుతుంది. మావి ఆవగింజలు.

దాచి ఉంచిన ఒక పారామీటర్‌ను మార్చేయమని ఆ సంస్థ మనిషి సలహా. అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవాటిని ఒరాకిల్ సపోర్టు చెప్పనిదే ముట్టుకోకండి. పైగా మార్చి వెళ్లిపోయేవాడు రేపు ఫోను ఎత్తడు. నేను స్టోరేజ్ క్లాజులో ఇనీషియల్ 64కే (మొదటి ఎక్స్‌టెంటు 64 కేబీలు) అని రాసి కొత్త పట్టిక సృష్టించాను. రోజువారీ పార్టిషన్లు తీసేసి నెలవారీవి పెట్టాను. ఏడాదికి 396 ముక్కలే. ఇనీషియల్ మార్చకపోయినా ఇక 3 జీబీల పైచిలుకుతో సరిపోయేది. డేటా ఎక్కించడం రాత్రికి రాత్రే అయింది.

పాత పట్టికను తీసేటప్పుడు పర్జ్ అని కూడా రాయండి, లేకపోతే అది చోటు వదలకుండా రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. అయినా టేబుల్‌స్పేస్ డేటా ఫైలు సైజు తగ్గించబోతే, తగ్గించే భాగంలో ఇంకా డేటా ఉందంటూ ఓరా-03297 అనే లోపం వచ్చింది: ఫైలు చివర ఎవరిదో చిన్న ఇండెక్సు. దాన్ని వేరే టేబుల్‌స్పేస్‌లో రీబిల్డ్ చేశాకే ఫైలు తగ్గింది. మిగిలిన చోటును అప్పగిస్తున్నట్లు రాతపూర్వకంగా ఇమ్మని నిల్వ విభాగం అడిగింది. ఇచ్చాను, పట్టిక ఎవరు రూపొందించారో కూడా అందులో రాసి.